అటక మీది కంప్యూటర్‌ను అమ్మవద్దు

లైప్‌జిగ్,
2025 నవంబరు 9, ఆదివారం

అమ్మా,

నేను క్షేమం. మొన్న ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. మళ్ళీ ఫోను చేస్తే నన్ను పూర్తిగా చెప్పనివ్వవు, అందుకే రాస్తున్నాను. నువ్వు అనుకున్నట్టు ఆ ల్యాప్‌టాప్ నేను రోడ్డు మీద ఏరుకొచ్చింది కాదు. కింది అంతస్తు ముసలావిడ మెట్ల దగ్గర పెట్టి, కావలసినవారు తీసుకోండని చీటీ అంటించింది. ఇక్కడ అది మామూలే, నామోషీ ఏమీ కాదు. డబ్బుకు ఇబ్బంది పడుతున్నానని పిన్నితో కూడా అన్నావట. అలాంటిదేమీ లేదు.

ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. మా జట్టులో ఇద్దరిని తీసేశారు, నన్ను కాదు.

అది 2011 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్220. విండోస్ 10కి కంపెనీ మామూలుగా ఇచ్చే మద్దతు గత నెల 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో ఇంత పాత ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. ఇక పనికిరాదని మనవడు అనేసరికి ఆవిడ బయట పెట్టేసింది. నిజానికి దానికి వచ్చిన రోగమేమీ లేదు. అడుగున ఒక్క స్క్రూ తీస్తే హార్డ్ డిస్కు చేతికి వస్తుంది. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ, అంటే ఇంకా వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కు పెట్టాను. ఫ్యాను దగ్గర దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంటే బ్రష్షుతో దులిపాను. ప్రాసెసర్ మీద వేడి లాగడానికి రాసే పేస్టు ఎండి పెచ్చులు కడితే గీకేసి కొత్తది రాశాను. అంతా చేసి ఆన్ చేస్తే స్క్రీను నల్లగానే ఉంది, పైగా బీప్ బీప్ అని ఒకటే మోత.

అప్పటికి రాత్రి పన్నెండయింది. నాన్నగారు గుర్తొచ్చారు. మన డీటీపీ షాపులో కంప్యూటర్ మొరాయిస్తే ర్యామ్ అనే మెమరీ పలకను ఊడదీసి, దాని బంగారు రంగు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఉఫ్ అని ఊది మళ్ళీ బిగించేవారు కదా. నా దగ్గర రబ్బరు ఎక్కడిది? మర్నాడు కొని తెచ్చి రుద్దాను. ఒక్కసారికే లేచి కూర్చుంది! నాన్నగారికి ఇది తప్పకుండా చెప్పు. ఊదడం మాత్రం మానేయమను, తుంపర్లు పడితే తుప్పు పడుతుంది.

విండోస్‌కు బదులు లినక్స్ మింట్ వేశాను, ఉచితమే. ఈ ఉత్తరం దాని మీదే కొడుతున్నాను. నాలుగున్నరకే చీకటి పడుతోంది ఇక్కడ. గదిలో ఆ ఫ్యాను సన్నగా రొద చేస్తుంటే ఎవరో తోడున్నట్టు ఉంటుంది. కార్తీక పౌర్ణమికి కాలువ దగ్గరికి వెళ్ళారా? మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగలేదు కదా?

అసలు సంగతి ఇది. అటక మీది పాత కంప్యూటర్‌ను పాత సామాన్ల బండికి వేసేస్తానన్నావు. వేయకు. తాతయ్య శతకం ఫైలు నాన్నగారు మెయిల్లో పంపితే తెరిచి చూశాను. పద్యం ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు! అది 'అను' అనే పాత తెలుగు ఫాంటులో కొట్టింది. తెలుగు అక్షరాల ముక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఉంటాయి కాబట్టి, ఆ ఫాంటు లేకపోతే తాతయ్య మాట ఒక్కటీ పలకదు. ఫాంటు, పేజీలు సర్దే పేజ్‌మేకర్ ప్రోగ్రాము, నాన్నగారు సర్దిన పేజీలు అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి.

చిన్నవాడికి చెప్పు. ముందు దుమ్ము దులపాలి. ర్యామ్‌కు రబ్బరు వైద్యం చేయాలి. ఆన్ చేయగానే ఏదో పాత తేదీ చూపించి ఎఫ్1 నొక్కమంటే కంగారు పడనక్కరలేదు, మదర్‌బోర్డు మీద నాణెంలాంటి బ్యాటరీ అయిపోయి ఉంటుంది. సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులో ఇస్తారు. నెట్ మాత్రం తగిలించవద్దు, అందులో ఉన్న పాత విండోస్ ఎక్స్‌పీకి కంపెనీ రక్షణ 2014 ఏప్రిల్లోనే ఆగిపోయింది. తెరుచుకుంటే చాలు, శతకం పేజీలు వెంటనే ప్రింటు తీయించి, ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించమను. ఆ లావు మానిటర్‌ను విప్పాలని సరదా పడతాడేమో, ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. ముట్టుకోనివ్వకు.

ఉసిరికాయ పచ్చడి పంపవద్దు, పోయినసారి పార్సిలు ఖర్చుకు ఇక్కడ నెల కూరగాయలు వచ్చేవి. సరే, చిన్న సీసా అయితే పంపు.

అటక ఎక్కేది చిన్నవాడే. నాన్నగారిని నిచ్చెన దగ్గరికి రానివ్వకు.

నీ
పెద్దబ్బాయి