పుస్తకానికి లేని భయం సినిమాకెందుకు?

సంపాదకులకు నమస్కారం.

నవలలు సినిమాలైతే ఎందుకు చప్పబడతాయో చెబుతూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. 'ద డావిన్సీ కోడ్' సంగతి అందులో ఒక్క వాక్యంతో తేల్చేశారు. రెండున్నర గంటల్లో అంత కథ ఇమడదట. నేను ఒప్పుకోను. కథ దాదాపు అంతా ఇమిడింది. తెగువే పోయింది.

నేను గుంటూరులో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మాది లూథరన్ కుటుంబం. డాన్ బ్రౌన్ నవల 2003లో వచ్చింది, నా చేతికి కాస్త ఆలస్యంగా చిక్కింది. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో క్యూరేటర్ శవం, పక్కన నేల మీద వరస తప్పిన ఫిబొనాచీ సంఖ్యలు (ముందున్న రెండూ కూడితే తర్వాతది వచ్చే వరస). లెక్కల టీచరు ఇంక పుస్తకం ఎలా మూస్తుంది? అధ్యాయాలు వందకు పైనే, అన్నీ పొట్టివి, ప్రతిదీ ఆపకూడని చోటే ఆపుతాడు.

అలాగని అతను చెప్పినవన్నీ నమ్మలేదు. ప్రయరీ ఆఫ్ సయన్ అనే రహస్య సంఘం 1099లో పుట్టిందనీ, అది వాస్తవమనీ మొదట్లోనే ప్రకటిస్తాడు. నిజానికి ఆ పేరుతో సంఘం పెట్టింది 1956లో, పియెర్ ప్లాంటార్ అనే ఫ్రెంచాయన. దానికి ఆధారంగా పారిస్ జాతీయ గ్రంథాలయంలో దొరికాయన్న పాత పత్రాలు దొంగ కాగితాలు. ఇక తేనెటీగల లెక్క మరీ ఘోరం. ఏ పట్టులోనైనా ఆడ ఈగల సంఖ్యని మగ ఈగల సంఖ్యతో భాగిస్తే 1.618 వస్తుందని హీరో లాంగ్డన్ హార్వర్డ్‌లో పాఠం చెబుతాడు! ఆడ ఈగలు వేలల్లో ఉంటాయి, మగవి వందల్లో. మా తొమ్మిదో తరగతి పిల్లలైనా నిలదీసేవాళ్లు. కానీ ఎంత ధీమాగా చెబుతాడంటే, నవ్వుకుంటూనే పేజీ తిప్పాను. థ్రిల్లర్‌కి ఆ ధీమాయే ప్రాణం.

2006లో రాన్ హోవార్డ్ తీసిన సినిమాలో లేనిది అదే. క్రీస్తుకు పెళ్లయిందని టీబింగ్ అనే చరిత్రకారుడు, చనిపోయిన క్యూరేటర్ మనవరాలు సోఫీకి చెబుతుంటే నవలలో లాంగ్డన్ వంత పాడతాడు. సినిమాలో అడుగడుగునా అడ్డు తగులుతాడు. పైగా చివర్లో, చిన్నప్పుడు బావిలో పడి ప్రార్థన చేశానని చెప్పి, ఎవరి నమ్మకం వాళ్లదన్నట్టు సర్దేస్తాడు. టామ్ హాంక్స్ ముఖంలో సినిమా అంతా ఎవరినీ నొప్పించకూడదన్న టెన్షనే కనిపించింది నాకు. టీబింగ్‌గా ఇయన్ మెక్‌కెలెన్ వచ్చాక కాసేపు హుషారు వస్తుంది.

చిక్కుముడులూ తగ్గించేశారు. నవలలో క్రిప్టెక్స్ (అక్షరాలు సరిగా తిప్పితేనే తెరుచుకునే రహస్య గొట్టం) విప్పితే లోపల ఇంకో క్రిప్టెక్స్. సినిమాలో ఒక్కటే. చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని అక్షరాలు అటూ ఇటూ మార్చి చూసేదాన్ని. న్యూటన్ సమాధి మీద ఉండాల్సిన గోళం ఏదని పొడుపుకథ అడిగితే, అక్కడ లేని ఆ గోళం ఆపిల్ పండేనని హీరో కంటే ముందే కనిపెట్టాను (ఈ గొప్ప మా వారు ఇప్పటికీ ఒప్పుకోరు). సినిమాలో అక్షరాలు వాటంతటవే వెలిగి హీరోకి జవాబు చూపిస్తాయి. చూసేవాళ్లకి ఇంక పనేముంది?

ఇంత జాగ్రత్తపడిన సినిమాకి సెన్సార్ వాళ్లు 'ఏ' సర్టిఫికెట్ ఇచ్చి, ఇదంతా కల్పితమని ప్రకటన కూడా వేయించారు. అయినా మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. 2006 జూన్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆ రోజుల్లో మా చర్చి ఆవరణలోనూ గట్టి వాదనలే నడిచాయి. సినిమా ఆపాల్సిందేనని అందరికంటే గట్టిగా పట్టుబట్టిన పెద్దాయన ఒకరు, అసలు అందులో ఏముందో చూస్తానంటూ నా నవల పట్టుకెళ్లారు. ఇంతవరకూ తిరిగివ్వలేదు.

— ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు, గుంటూరు