మహిళా సంఘాల వార్తల్లో అప్పుల లెక్కలేనా?

సంపాదకులకు నమస్కారం.

మహిళా సహకార సంఘాల గురించి పత్రికల్లో ఏ వార్త వచ్చినా వదలకుండా చదువుతాను. 2025ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ సహకార సంవత్సరంగా ప్రకటించాక అలాంటి వార్తలు ఇంకాస్త ఎక్కువగా కనిపించాయి. సంతోషమే. కానీ ఆఫ్రికా గురించి రాసినా, లాటిన్ అమెరికా గురించి రాసినా, మన దేశం గురించి రాసినా వార్త ఒకే చోట ఆగిపోతోంది. ఎన్ని సంఘాలు పెట్టారు, ఎంత అప్పు ఇచ్చారు, ఎంత శాతం తిరిగి కట్టారు. ఈ మూడు అంకెలు చూసి ఒక సంఘం నిజంగా ఆడవాళ్లదో కాదో ఎవరూ చెప్పలేరు. చాలా ఏళ్లు సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసినదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలనిపించి రాస్తున్నాను.

అప్పు తీసుకున్న మనిషి ఖాతాదారు మాత్రమే. వాటా కట్టి, ఓటు వేసి, ఏడాది చివర మిగులును ఏం చేయాలో కూర్చుని తేల్చే మనిషి యజమాని. అంతర్జాతీయ సహకార కూటమి 1995లో మాంచెస్టర్‌లో ఆమోదించిన సహకార సూత్రాల్లో ఉన్నది కూడా ఇదే. వాటా ఎంతైనా ఒక మనిషికి ఒకే ఓటు, నిర్వహణ సభ్యుల చేతుల్లో ఉండాలి. చెప్పడానికి చాలా మామూలు విషయం. ఆచరణలో దీనికోసం ఆడవాళ్లు ఎంత పోరాడాల్సి వచ్చిందో చూడండి.

అహ్మదాబాద్‌లో ఇలా భట్ అనే కార్మిక నాయకురాలి ఆధ్వర్యంలో స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవ’ 1972లో కార్మిక సంఘంగా నమోదైంది. మొదట అధికారులు ఒప్పుకోలేదు. తలమీద బరువులు మోసేవాళ్లకు, వీధుల్లో అమ్ముకునేవాళ్లకు యజమానే లేడు కదా, ఎవరిమీద పోరాడటానికి యూనియన్ అన్నారు. రెండేళ్ల తర్వాత, 1974లో, దాదాపు 4,000 మంది తలా 10 రూపాయల వాటా వేసుకుని సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. చదువు రాని ఆడవాళ్లు బ్యాంకు ఎలా నడుపుతారన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది. సంతకం రాని సభ్యురాలిని గుర్తుపట్టడానికి పాస్‌బుక్కులో ఫొటో పెట్టారు. చదువు రాకపోవడాన్ని సాకుగా చూపించి పక్కన పెట్టడం ఎంత తేలికో, దాన్ని దాటే దారి వెతకడం కూడా అంతే తేలికని ఆ చిన్న ఏర్పాటు చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. ముంబయిలో 1959లో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మొదలుపెట్టిన లిజ్జత్ అప్పడాల సంస్థ అప్పుతోనే మొదలైంది. కానీ ఆ అప్పు వాళ్లు తమ సొంత పని కోసం తెచ్చుకున్నది. అక్కడ పనిచేసే ప్రతి మనిషీ యజమానే.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న దృశ్యం నేను కళ్లారా చూశాను. ఒక సంఘానికి తనిఖీకి వెళ్లినప్పుడు తీర్మానాల పుస్తకం తెరిస్తే, మరుసటి వారం జరగాల్సిన సర్వసభ్య సమావేశం తీర్మానాలు అప్పటికే రాసి ఉన్నాయి. కింద అధ్యక్షురాలి సంతకం కూడా ఉంది. ఆమెను ఏదైనా అడిగితే పక్కన కూర్చున్న భర్త జవాబు చెబుతున్నాడు. అప్పులు మాత్రం పైసాతో సహా కట్టేశారు. పై అధికారుల నివేదికలో అది మంచి సంఘం. ఆ రోజు ఆమె ముఖం ఇప్పటికీ మర్చిపోలేను. వెళ్లేముందు నా దగ్గరకు వచ్చి, ఆ పుస్తకంలో ఏం రాసి ఉందో చదివి వినిపించమని మెల్లగా అడిగింది.

ఇలాంటివి ఒక్క చోట జరిగేవి కావు. చాలా దేశాల్లో పాల సంఘాల్లో, కాఫీ సంఘాల్లో ఇంటికి ఒకే సభ్యత్వం అనో, భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే సభ్యత్వం అనో నిబంధన ఉంటుంది. పాలు పితికేది ఆమె, గింజలు ఏరేది ఆమె, సభ్యుడు ఆయన, డబ్బు పడేది ఆయన ఖాతాలో. ఈ నిబంధనలో ఒక్క వాక్యం మారిస్తే, వందల కొత్త సంఘాలు పెట్టినదానికంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం. దానికి ప్రభుత్వానికి ఖర్చు కూడా ఉండదు. ఇంతవరకు ఏ పత్రికా దాని గురించి పెద్ద అక్షరాల్లో రాయగా చూడలేదు.

సంఘం ఆడవాళ్లదే అయినా, సరుకు మీద హక్కు వేరేవాళ్ల చేతిలో ఉంటే ఏమవుతుందో మొరాకో చెబుతుంది. అక్కడ ఆర్గాన్ అనే చెట్టు కాయలను రాళ్లతో పగలగొట్టి, గింజ తీసి, నూనె పట్టడం తరతరాలుగా ఆడవాళ్ల పని. రసాయన శాస్త్రవేత్త జుబైదా షర్రూఫ్ చొరవతో 1990ల మధ్యలో వాళ్లకు మొదటి సహకార సంఘం ఏర్పడింది. వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్లు, ఇంకే ఆధారం లేనివాళ్లు ముందుగా చేరారు. తర్వాత ఆ నూనెకు ప్రపంచమంతా గిరాకీ వచ్చింది. గిరాకీతో పాటే పెద్ద కంపెనీలూ వచ్చాయి. ఇప్పుడు చాలామంది ఆడవాళ్లు గింజ కొట్టి ఇచ్చి కూలి తీసుకుంటారు. నూనె తీయడం, సీసాలో పోయడం, పేరు పెట్టి అమ్మడం, అంటే లాభం ఉన్న పనులన్నీ వేరేవాళ్లవి. సీసా మీద మహిళా సహకార సంఘం అన్న మాట చూసి కొనే మనిషికి ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ.

పశ్చిమ ఆఫ్రికాలో వెన్నలాంటి కొవ్వునిచ్చే షియా అనే చెట్టు గింజల కథ కూడా ఇలాంటిదే. బుర్కినా ఫాసో, ఘనా, మాలీ లాంటి దేశాల్లో ఆడవాళ్లు వాటిని ఏరి, ఉడికించి, ఎండబెడతారు. ఇంట్లో ధాన్యం అడుగంటే నెలల్లోనే ఆ గింజలు చేతికొస్తాయి. చేతిలో డబ్బుండదు కాబట్టి వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చేస్తారు. కొన్ని నెలలు ఆగగలిగితే మంచి ధర వస్తుంది. ఆగాలంటే గోదాము కావాలి, గోదాములో ఉన్న సరుకు మీద ముందుగా కొంత డబ్బు ఇచ్చే సంఘం కావాలి. ఇక్కడ అప్పు వద్దని నేను అనను. కానీ ఒక్కొక్కరి చేతిలో కొంత పెట్టి వారం వారం వసూలు చేసే అప్పుకీ, అందరూ కలిసి గోదాము కట్టుకోవడానికి తెచ్చే అప్పుకీ చాలా తేడా ఉంది. మొదటిదాంట్లో కిస్తీ టెన్షన్ తప్ప సంఘానికంటూ మిగిలేది ఏమీ లేదు. పైగా ఒకరు కట్టకపోతే మిగతావాళ్లంతా వాళ్ల ఇంటిముందు నిలబడాలి. కష్టంలో తోడుండాల్సిన పొరుగువాళ్లను వసూలుదారులుగా మార్చే ఏర్పాటును సహకారం అనడానికి నాకు మనసు ఒప్పదు.

నాకు బాగా నచ్చేది బ్రెజిల్ ఈశాన్యాన బబాసు కాయలు కొట్టే ఆడవాళ్లు చేసిన పని. తాటిజాతి చెట్లు అవి. భూస్వాములు కంచెలు వేసి వాళ్లను లోపలికి రానివ్వలేదు, పశువుల మేత కోసం చెట్లు నరికించారు. ఆడవాళ్లు ఒక్కటై ఉద్యమం చేశారు. 1997లో మరన్యావ్ రాష్ట్రంలోని లాగో దో జుంకో అనే చిన్న మునిసిపాలిటీ చట్టమే చేసింది. చెట్టు ప్రైవేటు భూమిలో ఉన్నా సరే, కాయలు ఏరుకునే హక్కు వాళ్లకు ఉంటుందని. తర్వాత ఇంకొన్ని చోట్ల అలాంటి చట్టాలు వచ్చాయి. అదే ప్రాంతంలో నూనె తీసే సహకార సంఘం కూడా నడుస్తోంది. ముందు చెట్టు దగ్గరకు వెళ్లే హక్కు, తర్వాత గానుగ, ఆ తర్వాత మార్కెట్. ఈ వరసలో చేయకపోతే ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా కాయే దొరకదు.

సంఘీభావ ఆర్థిక వ్యవస్థ అనే మాట వింటే చాలామందికి పెద్ద సిద్ధాంతంలా అనిపించవచ్చు. పనిచేసేవాళ్లే యజమానులుగా కలిసి నడుపుకునే, పైన చెప్పినలాంటి పనులకే అది పేరు. ఈక్వడార్ 2008 రాజ్యాంగంలోనే తన ఆర్థిక వ్యవస్థ సామాజిక, సంఘీభావ వ్యవస్థ అని రాసుకుంది. బ్రెజిల్ ప్రభుత్వం 2003లో దీనికోసం కార్మిక శాఖలో ప్రత్యేక విభాగం పెట్టి ఆర్థికవేత్త పాల్ సింగర్‌కు అప్పగించింది. ప్రభుత్వాలు మారాక ఆ విభాగం చిక్కిపోయి, 2019లో అసలు కార్మిక శాఖే రద్దయింది. 2023లో ఆ విభాగాన్ని మళ్లీ తెచ్చారు, 2024 డిసెంబర్‌లో పాల్ సింగర్ పేరుతోనే జాతీయ చట్టం చేశారు. పథకంగా ఉన్నది ఒక్క ఎన్నికతో పోతుంది, అందుకే చట్టం అవసరమైంది. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ కూడా 2023 ఏప్రిల్‌లో ఈ వ్యవస్థను ప్రోత్సహించాలని తీర్మానం చేసింది.

ఇంటిపని సంగతి కూడా చెప్పాలి. సమావేశం వంట వేళకు పెడితే తల్లులెవరూ రాలేరు. సేవ సభ్యులు పసిపిల్లలను చూసుకోవడానికే విడిగా సహకార సంఘం పెట్టుకున్నారు. నికరాగ్వాలో అచువాపా దగ్గర నువ్వులు పండించే ఒక సహకార సంఘమైతే, ఇంట్లో ఆడవాళ్లు జీతం లేకుండా చేసే పనికి కూడా ధరలో ఒక భాగం లెక్కకట్టి అడిగింది. కొనేవాళ్లు ఒప్పుకున్నారు. ఇలాంటి వార్త మొదటి పేజీలో రావాలని నా కోరిక.

సంపాదకులుగా మీరు ఒక మేలు చేయగలరు. ఈసారి మహిళా సంఘం మీద వార్త రాయడానికి మీ విలేకరి వెళ్లినప్పుడు అప్పుల అంకెతో తిరిగి రాకుండా కొన్ని ప్రశ్నలు అడగమనండి. గానుగ, గోదాము, వాటి స్థలం ఎవరి పేరున ఉన్నాయి? దుకాణంలో పలికే ధరలో సభ్యురాలికి వచ్చేది ఎంత? భర్త పేరున భూమి ఉంటే భార్యకు సభ్యత్వం ఇస్తారా? పోయిన ఏడాది మిగులు ఎలా పంచాలో ఏ తేదీన, ఎంతమంది కూర్చుని నిర్ణయించారు? వీలైతే తీర్మానాల పుస్తకం తెరిపించి, అందులో ఉన్నది సభ్యులందరి ముందు పైకి చదివించమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సహకార సంఘాల విశ్రాంత ఆడిటర్