కన్ను ఎర్రబడితే కళ్లకలకేనా?

సంపాదకుడు గారికి,

కిందటి ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన కళ్లకలక వ్యాసం గురించి ఈ ఉత్తరం. అప్పుడే రాయాల్సింది, కానీ ఆ వ్యాసం తెచ్చిపెట్టిన తలనొప్పితోనే వారం గడిచిపోయింది. ‘కళ్లు ఎర్రబడిన పిల్లల్ని బడికి పంపకండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సోమవారం పొద్దున మా అబ్బాయిని గేటు దగ్గరే ఆపేశారు. టీచరు గారి చేతిలో మీ పేపరు కటింగు!

వాడికున్నది ఎలర్జీ. మూడేళ్లుగా ఏటా ఈ రోజుల్లోనే వస్తోంది. ఎవరికీ అంటదు. రెండు కళ్లూ ఒకేసారి ఎర్రబడతాయి, తుమ్ములు, కారే ముక్కు, అన్నింటినీ మించి దురద. కంట్లోంచి తెల్లగా, తీగలా సాగే జిగురు వస్తుంది. కళ్లకలకైతే ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది, మామూలుగా ఒక కంట్లో మొదలై రెండోదానికి పాకుతుంది. బ్యాక్టీరియా వల్ల వస్తే పసుపుపచ్చ పుసి కట్టి, నిద్ర లేచేసరికి రెప్పలు అతుక్కుపోతాయి. ‘దురదా, మంటా?’ అని అడగమని ఒక్క వాక్యం రాయడానికి మీకు చోటు లేకపోయిందా? పక్కనే అరపేజీ నగల ప్రకటనకు మాత్రం దొరికింది.

‘చుక్కల మందు వేస్తే తగ్గుతుంది’ అన్నారు. ఏ చుక్కలండీ? ఎవరింట్లోనో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలు వేస్తే కన్ను త్వరగా తేటపడినట్టు కనిపించవచ్చు, నిజమే. డాక్టరు పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమా (చూపు నరం దెబ్బతినే జబ్బు) రావచ్చు, శుక్లాలూ రావచ్చు. ఎరుపు పోగొట్టే చుక్కలు రక్తనాళాలను కాసేపు కుంచించి ఊరుకుంటాయి. అదే పనిగా వాడి మానేస్తే ఎరుపు ఇంకా ఎక్కువగా తిరిగొస్తుంది. మా వాడికి డాక్టరు గారు ఇచ్చింది ఒలోపటడిన్ అనే ఎలర్జీ చుక్కల మందు, దాంతోపాటు చల్లటి తడిగుడ్డ. ముఖ్యంగా కళ్లు నులమొద్దన్నారు. నులిమితే దురద పుట్టించే హిస్టమిన్ అనే పదార్థం కంట్లో ఇంకా విడుదలై దురద రెట్టింపవుతుందట, ఏళ్ల తరబడి నులిమితే నల్లగుడ్డు మీది పారదర్శక పొర (కార్నియా) పలచబడి శంకువులా ముందుకు పొడుచుకు రావచ్చట. వాడేమో నిద్రలో రెండు పిడికిళ్లతోనూ నులుముతాడు. రాత్రంతా కాపలా నాదే. నొప్పి ఉన్నా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా ఆగకుండా రమ్మన్నారు. ఇదీ మీ వ్యాసంలో లేదు.

ఇక అధికారుల సంగతి. ఏటా అదే సర్క్యులర్, తేదీ ఒక్కటే మారుతుంది. పిల్లలు వచ్చి కూర్చున్నాక తరగతి గదులు ఊడుస్తారు, తడిగుడ్డ మాటే లేదు. ఆ దుమ్ము ఎండలో తేలుతూ కనిపిస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లు మాత్రం రిజిస్టరు చూసి వెళ్లిపోతారు.

‘అంటువ్యాధి కాదు’ అని డాక్టరు గారు రాసిచ్చిన చీటీ గురువారం తీసుకెళ్లాను. ముద్ర సరిగా పడలేదన్నారు. రేపు మళ్లీ ఆస్పత్రికి వెళ్తున్నాను, ముద్ర కోసం.

ఇట్లు,
ఒక పాఠకురాలు