రెన్యువల్‌కు ముందు సీట్లు లెక్కపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మా పురపాలక సంఘం వచ్చే సమావేశం ఎజెండాను మా వార్డు సభ్యురాలు చూపిస్తే చదివాను. అందులో పద్నాలుగో అంశం దగ్గర ఆగిపోయాను. "కార్యాలయమునందలి 42 కంప్యూటర్లకు ఆఫీసు సాఫ్ట్‌వేరు లైసెన్సులు మరొక సంవత్సరమునకు పునరుద్ధరించుటకు, అగు వ్యయమును సాధారణ నిధుల నుండి భరించుటకు కౌన్సిల్ వారి ఆమోదము కొరకు" అని ఉంది. అంతే, రెండు వరుసలు. ఏ సీటుకు ఏం కావాలో లేదు, కిందటేడు ఎంతయిందో లేదు. ఇలాంటి అంశం చదివి ముగించేలోపే "ఆమోదించడమైనది" అయిపోతుంది. ఆ మాట ముప్ఫై ఏళ్లు టైపు చేసింది నేనే కాబట్టి చెబుతున్నాను.

విజయనగరం జిల్లాలో ఆ మునిసిపాలిటీలోనే టైపిస్టుగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. నేను దిగిపోయేనాటికి ఏ సీటులో ఏ పని జరిగేదో నాకు కళ్లకు కట్టినట్టుంది. రెవెన్యూ సెక్షనులో ఆస్తి పన్ను, కుళాయి పన్ను అంతా పురపాలక శాఖ వెబ్‌సైటులోనే. ప్లానింగులో ఇంటి ప్లాన్ల అనుమతులు ఆన్‌లైన్లోనే. వీటికి బ్రౌజరు తెరుచుకుంటే చాలు. ఇక మిగిలినవి నోటీసులు, ఉత్తరాలు, నోట్ ఫైళ్లు. ఒక పేజీ, మహా అయితే రెండు పేజీలు. ఎక్సెల్‌ను నిజంగా ఎక్సెల్‌లా వాడేది అకౌంట్స్ వాళ్లూ, ఇంజనీరింగులో ఎస్టిమేట్లు వేసేవాళ్లూ. అన్నీ కలిపితే ఆరు సీట్లు. ఇవాళ ఒకటో రెండో పెరిగి ఉండొచ్చు. మిగతా ముప్ఫై పైచిలుకు కంప్యూటర్లకు ఏటా ఎందుకు కడుతున్నామని ఒక్క సభ్యుడైనా అడగాలని నా ఆశ.

ఏడాది చందా పద్ధతిలో ఉన్న మరో ఇబ్బంది నేను స్వయంగా పడ్డాను. ఒక మార్చి నెలాఖరులో బిల్లు ఆగి, గడువు దాటిపోయింది. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, చదవనిస్తున్నాయి, ఒక్క అక్షరం మార్చనివ్వడం లేదు. తెల్లారితే కౌన్సిల్ సమావేశం. ఎజెండా పెన్‌డ్రైవులో వేసుకుని బస్టాండు పక్కన డీటీపీ సెంటరుకు పరిగెత్తాను. పెళ్లి శుభలేఖల మధ్య మా ఎజెండా. అందులో పన్ను బకాయిదారుల పేర్లు, కోర్టు కేసుల వివరాలు ఉన్నాయి. ఎవరిదో తెలియని కంప్యూటర్లో కూర్చుని రాత్రి తొమ్మిదిన్నర దాకా దిద్దాను. మా ఆఫీసు కాగితం మేమే దిద్దుకోలేకపోయామే అని ఇంటికొచ్చి ఏడ్చాను.

అలాగని "మనకు తెలిసిన కుర్రాడున్నాడు, క్రాక్ వేసేస్తాడు" అనే మాటకు నేను ఎన్నడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 63బి సెక్షను ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. జనం పన్నుల డేటా ఉన్న మెషీన్లో ఎక్కడిదో తెలియని ఫైలు ఎక్కించడం అంతకన్నా పెద్ద తప్పు. పాతదే వాడుకుందామన్నా కుదరదు. ఆఫీస్ 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అవి ఆగిపోవు కానీ, భద్రతా సవరణలు ఇక రావు.

మరి దారేమిటి? ఉత్తరాలకూ, లెక్కల పట్టికలకూ పనికొచ్చే లిబ్రె ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు 2010 నుంచి ఉంది. లైసెన్సు రుసుము లేదు, గడువు లేదు. ఉత్తరాలు, నోటీసులు రాసుకునే సీట్లకు అది సరిపోతుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. కేంద్ర ప్రభుత్వం కూడా 2015లోనే ఓపెన్ సోర్సుకు, అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేరుకు, మొగ్గుచూపుతూ ఒక విధానం తెచ్చింది. రాష్ట్రాలకు అది తప్పనిసరి కాదు, కావాలనుకుంటే పాటించవచ్చు.

అంతా ఒక్క రోజులో మార్చేయమని మాత్రం నేను అనను. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో నిర్ణయం తీసుకుని, పదేళ్లు కష్టపడి దాదాపు 15,000 కంప్యూటర్లను విండోస్ నుంచి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు మార్చింది. 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని ఓటేసింది. బయటి ఆఫీసుల నుంచి వచ్చే ఫైళ్లతో ఇబ్బంది, సిబ్బంది అసంతృప్తి, రాజకీయాలు, అన్నీ కలిశాయి. అంత పెద్ద ఊరికే అలా అయితే మనలాంటి చిన్న ఊరు ఆచితూచి నడవాలి. అందుకే ఆ ఆరు సీట్లకూ లైసెన్సులు కొనండి, వాళ్ల పని చెడగొట్టవద్దు. మిగతా వాటిలో ముందు ఒక్క సెక్షను మార్చి ఆరు నెలలు చూడండి.

దీనికి అసలు అడ్డం ఎక్కడుందో చెప్పాలి. మా పాత ఫైళ్లలో ఉంది. ఒకప్పుడు తెలుగంతా డీటీపీ ఫాంట్లలోనే కొట్టేవాళ్లం. వాటిలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలే. ఒకాయన తన వీధి పక్క గెడ్డ (వాగు) ఆక్రమణ మీద కౌన్సిల్ ఎప్పుడో చేసిన తీర్మానం నకలు కావాలని సమాచార హక్కు దరఖాస్తు పెట్టాడు. ఫైలు దొరికింది, ఒక్క ముక్క చదవడానికి రాలేదు. రికార్డు రూములో మినిట్స్ బుక్కు వెతికితే చెద పట్టి ఉంది. మిగిలిన అక్షరాలు చూసి నేనే మళ్లీ టైపు చేశాను. "అంతా కంప్యూటర్లో ఉంది కదమ్మా?" అని ఆయన అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంకేతం ఉండే యూనికోడ్‌లో ఉండుంటే "గెడ్డ" అని కొడితే ఆ మాటున్న తీర్మానాలన్నీ ఒక్క క్షణంలో వచ్చేవి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. విండోస్‌లో గౌతమి ఫాంటు ఎక్స్‌పీ కాలం నుంచే ఉంది. ఇకమీదట ఏ ఫైలయినా యూనికోడ్‌లోనే ఉండాలని, 2006లో అంతర్జాతీయ ప్రమాణమైన, ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడని ఓపెన్ డాక్యుమెంట్ అనే ఫైలు రూపంలో కూడా ఒక ప్రతి దాచాలని ఈ తీర్మానంలోనే రాస్తే, పైఏడాది ఏ సాఫ్ట్‌వేరు కొనాలన్నా, మానాలన్నా మన చేతిలో ఉంటుంది.

కౌన్సిల్ సభ్యులకూ, కమిషనరు గారికీ నా మనవి ఇదే. పద్నాలుగో అంశాన్ని ఈ సమావేశంలో ఆమోదించకుండా వాయిదా వేయండి. సీట్ల వారీ పట్టిక తెప్పించుకుని, కిందటేడు ఖర్చు పక్కన రాసి, తర్వాతి సమావేశంలో పెట్టండి. పాత తీర్మానాలను యూనికోడ్‌లోకి మార్చే పనికి మనిషి కావాలంటే నేనున్నాను. మధ్యాహ్నం మూడింటి నుంచి అయిదింటి దాకా వచ్చి కూర్చుంటాను, జీతం అక్కర్లేదు. ఏ సంవత్సరం ఫైలు ఏ బీరువాలో ఉందో నాకింకా గుర్తుంది.

– ఒక రిటైర్డ్ సీనియర్ అసిస్టెంట్,
విజయనగరం జిల్లా