మార్చి వార్తాలేఖ: పిడికెడు బియ్యమే పంపండి

కడప, 2025 మార్చి 12

ప్రియమైన తల్లిదండ్రులకు, అవ్వాతాతలకు,

క్రీస్తునాథుని పేరిట మీ అందరికీ నమస్కారం.

ఈసారి ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుంది. నెల అలాంటిది. రంజాన్ ఉపవాసాలు మార్చి 2న మొదలయ్యాయి. 5న విభూది బుధవారంతో కథోలికుల తపస్సు కాలం, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాస ప్రార్థనల రోజులు, వచ్చింది. 30న ఉగాది. నెలవంక కనిపిస్తే ఆ మరునాడే రంజాన్ పండుగ. ఒకే బెంచీ మీద కూర్చునే ముగ్గురు పిల్లల ఇళ్లలోనూ ఒకే నెలలో ఉపవాసమో పండుగో ఉండటం ప్రతి ఏడూ జరగదు. పిల్లలు ఒకరినొకరు తెగ ప్రశ్నలు వేసుకుంటున్నారు. మాకది ఎంతో సంతోషంగా ఉంది.

ముందుగా బియ్యం సంగతి. ఏటా తపస్సు కాలంలో మన బడి వరండాలో ఇత్తడి గంగాళం పెడతాం. శుక్రవారం ఉదయం పిల్లలు ఇంటి నుంచి పిడికెడు బియ్యం తెచ్చి అందులో పోస్తారు. ఆ బియ్యం వృద్ధాశ్రమానికి వెళుతుంది. కథోలికుల ఇళ్లలో పాతకాలం నుంచి ఉన్న అలవాటే ఇది. బడిలో మాత్రం మతంతో పని లేకుండా, ఇష్టమున్న పిల్లలందరూ తెస్తారు.

మొదటి శుక్రవారం నేను గంగాళం పక్కనే నిలబడి చూశాను. ఒకటో తరగతి బాబు ఒకడు దారి పొడవునా పిడికిలి విప్పకుండా వచ్చాడు. చెమటకు గింజలు అరచేతికి అంటుకుపోయాయి. రెండో చేత్తో ఒక్కొక్క గింజనూ రాల్చాడు. చివరి గింజ పడేదాకా వెనకున్న వరుసను కదలనివ్వలేదు. ఒక పాప కొర్రలు తెచ్చింది, వాళ్ల ఇంట్లో ఇప్పుడు అన్నం బదులు అవే వండుకుంటున్నారట. బియ్యంలో కొర్రలు కలిస్తే ఆశ్రమం వంటమనిషికి ఏరడం కష్టం. అందుకని ఈ వారం నుంచి కొర్రలు, జొన్నలు, రాగులకు పక్కన మరో గిన్నె పెడుతున్నాం. ఇంట్లో ఏది వండుకుంటే అదే పంపండి, కొని పంపవద్దు.

అదే రోజు ఒక ఇంటివారు 25 కిలోల బస్తా ఆటోలో పంపించారు. వారిది పెద్ద మనసు, వారికి నా కృతజ్ఞతలు. ఆ బస్తాను నేరుగా ఆశ్రమానికి చేర్చాం, గంగాళంలో పోయలేదు. పోస్తే ఆ బాబు రాల్చిన గింజలు ఎవరి కంటా పడవు, అందరికన్నా ముందు వాడికే కనపడవు. మీరు ఇవ్వదలచుకున్నది ఎంతైనా ఆశ్రమానికి ఇవ్వండి, అక్కడి సిస్టర్లు ఆనందంగా అందుకుంటారు. పిల్లల చేత పంపేది మాత్రం వాళ్ల పిడికిట్లో పట్టినంతే ఉండాలి. డబ్బా మూత వాళ్లనే తీయనివ్వండి. నాలుగు గింజలు కింద పడితే పడనివ్వండి, వాళ్లే ఏరుకుంటారు. ఏ తరగతి ఎక్కువ తెచ్చిందో మేం తూచం, బోర్డు మీద రాయం, బహుమతులు ఇవ్వం. నెలాఖరుకు బియ్యం డబ్బా అడుగంటే ఇళ్లు కూడా మన బడిలో ఉన్నాయి. ఎవరు తెచ్చారు, ఎవరు తేలేదు అని ఏ టీచరూ అడగరు. మీరూ ఇంట్లో అడగకండి.

ఈ మాట విన్న ఒక ముస్లిం తాతగారు తమ ఇంటి ఆచారం చెప్పారు. రంజాన్ పండుగ నమాజుకు ముందు ఇంట్లో ఒక్కొక్కరి పేరున, పసిపిల్లల పేరున కూడా, పేదలకు ఫిత్రా ఇస్తారు. గోధుమలు కొలిచి ఇస్తారు, లేదా వాటి విలువ ఇస్తారు. వారి మనవడు మన నాలుగో తరగతి పిల్లవాడు. ఆ కొలత ఎలాగో వాడే తరగతికి చూపిస్తానన్నాడు.

ఇక ఉపవాసాల గురించి గట్టిగానే చెప్పాలి. స్నేహితులను చూసి కొందరు పిల్లలు ఏమీ తినకుండా బడికి వస్తున్నారు. వాళ్ల పట్టుదల మెచ్చుకోదగ్గదే, కానీ ఇది కడప ఎండ. కథోలిక శ్రీసభ నియమం ప్రకారం మాంసం మానడం 14 ఏళ్లు నిండినవారికి, ఉపవాసం 18 ఏళ్లు నిండినవారికి. ఇస్లాంలోనూ యుక్తవయసు రాని పిల్లలకు రోజా, అంటే రంజాన్ ఉపవాసం, విధి కాదు. పిల్లలు చాక్లెట్ మానతారు, టీవీ మానతారు, తమ్ముడితో తగవు మానతారు. అవి చాలు. పెద్ద తరగతుల్లో ఎవరైనా ఇంట్లో చెప్పి రోజా ఉంటే ఆ ఉదయం క్లాస్ టీచర్‌కు ఒక్క మాట తెలియజేయండి, ఎండలో ఆటలకు పంపం. మిగతా అందరికీ గంట కొట్టి మరీ నీళ్లు తాగిస్తున్నాం.

విభూది బుధవారం గురించి కొందరు అడిగారు. కిందటేడు మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) నాడు దీవించిన మట్టలను ఇళ్లలో సిలువ వెనకో, పటాల వెనకో దాచుకుంటారు. వాటినే కాల్చి ఆ విభూది తయారు చేస్తారు. చర్చి ఆవరణలో మట్టలు కాల్చి, గుడ్డతో జల్లించడం పిల్లలందరూ చూశారు. నుదుట పెట్టింది మాత్రం కథోలిక పిల్లలకే. సత్యోపదేశం (క్రైస్తవ మతబోధ) తరగతి కూడా వాళ్లకే, ఆ సమయంలో మిగతా పిల్లలకు నీతి పాఠం ఉంటుంది. శుక్రవారాల్లో జరిగే సిలువ మార్గం ప్రార్థన కూడా అంతే. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఎప్పుడు కావాలన్నా వచ్చి చూడవచ్చు.

పోపు ఫ్రాన్సిస్ గారు ఫిబ్రవరి 14 నుంచి రోములోని జెమెల్లి ఆసుపత్రిలో ఉన్నారు. ఉదయం అసెంబ్లీలో ఆయన ఆరోగ్యం కోసం ప్రార్థిస్తున్నాం. రేపటికి ఆయన పోపుగా ఎన్నికై 12 ఏళ్లు. ఐదో తరగతి పిల్లలు కార్డులు తయారు చేశారు. ఆయనకు కడప తెలుసా అని వాళ్ల సందేహం. 1992లో కడప మేత్రాసనానికి (బిషప్పు పాలనలోని ప్రాంతానికి) గురుపట్టాభిషేకం పొంది ఫాదర్ అయిన పూల ఆంథోని గారిని 2022లో కార్డినల్‌గా చేసింది ఈ పోపుగారే అని, తెలుగువారిలో తొలి కార్డినల్ ఆయనే అని చెప్పాం. వెంటనే ప్రతి కార్డు మీదా కడప పేరు పెద్ద పెద్ద అక్షరాలతో చేరింది.

ఉగాది ఆదివారం వస్తోంది కాబట్టి 29వ తేదీ శనివారమే బడిలో పచ్చడి చేస్తాం. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు స్వామివారి దేవేరి బీబీ నాంచారమ్మను తమ ఆడపడుచుగా తలచి తరలివెళ్లడం మన ఊరివాళ్లకు తెలిసినదే. ఆ ఊరి పిల్లలు బడిలో కలిసి పచ్చడి తినడంలో వింతేముంది! బెల్లం, మామిడికాయలు, కొత్త చింతపండు బడి తెస్తుంది. వేపపూత మన చెట్టు కింద రెండో తరగతి పిల్లలు ఏరుతారు. కలపడానికి చేయి తిరిగిన అవ్వలు ఇద్దరు ముగ్గురు కావాలి, ఉదయం 8 గంటలకల్లా రండి. రోజా ఉన్న పిల్లలకు చిన్న డబ్బాలో పెట్టి ఇంటికి పంపుతాం.

ఈ శనివారం, 15 నుంచి ఒంటిపూట బడి. ఉదయం 7.45 నుంచి మధ్యాహ్నం 12.30 వరకు.

ఏప్రిల్ 11 శుక్రవారం నాలుగు, ఐదు తరగతుల పిల్లలు గంగాళంలోని బియ్యం తీసుకుని ఆశ్రమానికి వెళ్తారు. అక్కడి అవ్వలకు, తాతలకు వాళ్లే వడ్డిస్తారు, తర్వాత వాళ్లతోనే కూర్చుని తింటారు. తోడు రాగలిగిన తల్లిదండ్రులు ఈ నెల 28లోగా ఆఫీసులో పేరు చెప్పండి. వచ్చేవారు ఫోన్లు తీయకూడదు. చేయి చాపి అన్నం అందుకునే ముసలివారిని ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టడానికి నేను ఒప్పుకోను. పిల్లలకు టోపీ, నీళ్ల సీసా ఇచ్చి పంపండి. ప్లేట్లు అక్కడే ఉంటాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు