ఇంటర్న్‌లను డెస్కు దాటనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

జర్నలిజం పీజీ చివరి సెమిస్టర్‌లో భాగంగా ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో ఇంటర్న్‌షిప్ చేశాను. తోటివారు కొందరు టీవీ చానళ్లలో, ఒకరిద్దరు పీఆర్ సంస్థల్లో చేశారు. తిరిగొచ్చాక అందరం మాట్లాడుకుంటే తేలింది ఒక్కటే: మమ్మల్ని వార్త దగ్గరికి పోనిచ్చినవాళ్లు చాలా తక్కువ. వాట్సాప్‌లో వచ్చిన ప్రెస్‌నోట్లు తిరగరాయడంతోనే ఎక్కువమందికి గడువు అయిపోయింది. టీవీకి వెళ్లిన మిత్రురాలు స్క్రోలింగులు కొడుతూనే ఉండిపోయింది. రాసిన కాపీలో ఏం మార్చారో, ఎందుకు మార్చారో చెప్పేవారు లేరు. సర్టిఫికెట్లు మాత్రం అందరికీ వచ్చాయి.

నాకు ఒక మంచి సీనియర్ సబ్ ఎడిటర్ దొరికారు. ప్రతి సోమవారం సాయంత్రం కలెక్టరేట్ నుంచి, ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణి కార్యక్రమం మీద నోట్ వస్తుంది. ఇన్ని అర్జీలు అందాయి, సత్వరం పరిష్కరించాలని అధికారులను ఆదేశించారు. వారం వారం అంకె తప్ప మరేమీ మారదు. నేను రాసిచ్చింది చదివి ఆయన, "పోయిన సోమవారం ఇచ్చినవి ఏమైనయమ్మా?" అన్నారు. నోట్‌లో ఆ ఊసే లేదు. తర్వాతి వారం నన్ను రిపోర్టర్ వెంట పంపారు. వరుసలో నిలబడ్డవాళ్ల ప్లాస్టిక్ కవర్లలో పాత అర్జీల రసీదులు దొంతరలుగా ఉన్నాయి. పాసుపుస్తకంలో భూమి తక్కువ పడిందని, భూభారతికి ముందున్న భూ రికార్డుల పోర్టల్ ధరణి కాలం నుంచీ తిరుగుతున్న ఒక పెద్దమ్మ, "భూభారతి వచ్చింది, మల్ల కొత్తగ పెట్టుకొమ్మంటున్నరు బిడ్డా" అంది. ఆమె రసీదుల మీది తేదీలు వరుసగా రాసుకుంటే చాలు, వార్త తయారైంది. డెస్కులో కూర్చుంటే అది నాకు ఎప్పటికీ దొరికేది కాదు.

ఇంకో రోజు పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు వచ్చింది. బాలిక పేరు రాయకూడదని క్లాసులో చదివినదే. చట్టం 23వ సెక్షన్ పేరుతో ఆగదు. చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు, ఏ వివరంతో ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుందో అది రాయకూడదంటుంది. వచ్చిన సమాచారంలో పేరు లేదు కానీ తండా పేరు, తండ్రి చేసే పని ఉన్నాయి. పట్టుమని ముప్పై గడపలు లేని తండా. ఆ రెండు ముక్కలూ కొట్టేస్తూ సీనియర్ ఎందుకో వివరించారు. అలా ఎవరూ చెప్పని ఇంటర్న్ రేపు ఉద్యోగంలో చేరి ఏం రాస్తారోనని నాకు నిజంగా భయం.

డెస్కు వారిని నేను తప్పుపట్టడం లేదు. పేజీ వదిలే వేళకు వారికి ఊపిరాడదు. మండల విలేఖరుల కష్టం అంతకంటే పెద్దది, దానికి ఇంకో ఉత్తరం కావాలి. కానీ నేర్పడం తెలుగు పత్రికలకు కొత్త కాదు. సొంత స్కూలు పెట్టి, స్టైపెండ్ ఇచ్చి విలేఖరులను తయారుచేసిన చరిత్ర ఈనాడుకు ఉంది. ఆ శ్రద్ధలో కొంతైనా ఇంటర్న్‌ల మీద పెట్టాలి.

డబ్బు సంగతీ చెప్పాలి. డిగ్రీ ఉన్న అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు ఇవ్వాలని 2019లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. ఇంటర్న్ అని పేరు పెడితే అదేదీ వర్తించదు. మాలో చాలామందికి బస్సు ఛార్జీలూ రాలేదు. హాస్టల్ గది, రాత్రి షిఫ్టు అయ్యాక ఆటో, అన్నీ ఇంటి నుంచే. కూలి చేసుకునే తల్లిదండ్రుల పిల్లలు ఇలా ఎన్ని నెలలు నెట్టుకొస్తారు? వాళ్లు మానేస్తే, ప్రజావాణి వరుసలో నిలబడ్డ ఇళ్ల నుంచి విలేఖరులు రావడమూ ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. సర్టిఫికెట్ కోసం వచ్చేవారు పెరిగేకొద్దీ నేర్పేవారి మీద భారం పెరుగుతుంది, కాబట్టి నియమాలు ఇప్పుడే రాసుకోవడం మంచిది.

యాజమాన్యాలు కనీసం ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. వారానికి ఒక్క రోజైనా రిపోర్టర్ వెంట పంపాలి. విశ్వవిద్యాలయాలు హాజరు పత్రంతో సరిపెట్టుకోకుండా, సీనియర్లు దిద్దిన కాపీలను అడిగి తీసుకుని వాటికే మార్కులు వేయాలి. రెండు రాష్ట్రాల మీడియా, ప్రెస్ అకాడమీలు పత్రికలనూ విశ్వవిద్యాలయాలనూ ఒకచోట కూర్చోబెట్టి, మా జూనియర్లు ఇంటర్న్‌షిప్‌కు బయల్దేరేలోగా వీటిని రాతపూర్వకంగా ఖాయం చేయాలని కోరుతున్నాను.

— జర్నలిజం పీజీ విద్యార్థిని, హన్మకొండ