సజ్జ మీది మిషన్ దించు నాయినా

సిడ్నీ,
ఆదివారం రాత్రి

నాయినా,

మంచిగా ఉన్నావా? నిన్న ఫోన్లో అమ్మ నోరు జారింది. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగకుండా (స్లీప్ ఆప్నియా అంటారే, దానికి) గాలి ఊదే, రాత్రి ముక్కుకు పెట్టుకునే సీప్యాప్ మిషన్ రెండు నెలల నుంచి సజ్జ మీద పాత ఇత్తడి బిందె పక్కన ఉందట కదా. ఫోన్లో అడిగితే "పెట్టుకుంటున్నా తీయ్" అని మాట దాటేస్తావని తెలుసు, అందుకే ఉత్తరం రాస్తున్నా. కళ్ళద్దాలు పెట్టుకుని నువ్వే చదువు, అన్నతో చదివించుకోకు.

నీ కోపం న్యాయమే. బీపీకి మూడు రకాల గోలీలు మింగుతున్నావు, ఇంత డబ్బు పోసి మిషన్ కొన్నాం, అయినా పొద్దున చూస్తే 150 కిందికి దిగడం లేదు. అసలు ఎంత తగ్గుతుందో నీకు ముందే ఎవరూ చెప్పలేదు. మిషన్‌తో బీపీ సగటున తగ్గేది రెండు మూడు పాయింట్లే నాయినా. నీలాగా మూడు గోలీలకు కూడా లొంగని బీపీ ఉన్నవాళ్ళకు స్పెయిన్‌లో ఈ మిషన్ పెట్టి చూస్తే, 24 గంటల సగటు మూడు పాయింట్లు తగ్గింది, ఎక్కువ గంటలు పెట్టుకున్నవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువే దిగింది. కాబట్టి గోలీలు మాత్రం మానకు, మిషన్ వాటికి తోడే.

పోయిన దసరాకు మిర్యాలగూడ వచ్చినప్పుడు వాకిట్లో నీ పక్క మంచంలో పడుకున్నా కదా. గురక ఉన్నట్టుండి ఆగింది. వేళ్ళ మీద లెక్కపెట్టా, ఇరవై మూడు దాకా వచ్చింది, అప్పుడు నీళ్ళు అడుగంటిన బోరు మోటరు గాలి పీల్చినట్టు ఒక్క చప్పుడు చేసి మళ్ళీ మొదలుపెట్టావు. హైదరాబాద్‌లో నిద్ర పరీక్షలో గంటకు 41 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని వచ్చింది, 30 దాటితేనే తీవ్రం అంటారు. మామూలుగా నిద్రలో బీపీ పది ఇరవై శాతం దిగి గుండెకు కాస్త తెరిపి దొరుకుతుంది. నీకు మాత్రం గొంతు మూసుకున్నప్పుడల్లా ఆక్సిజన్ పడిపోయి, ఒళ్ళు ఉలిక్కిపడి బీపీ పైకి ఎగురుతుంది. రాత్రంతా ఇదే పని.

మరి మిషన్ పెడితే గుండెపోటు రాదా అంటే, ఆ గ్యారంటీ లేదు. గుండె జబ్బో పక్షవాతమో ఉన్న 2,700 మందికి పైగా, అందులో మన దేశం వాళ్ళు కూడా, చేరిన పెద్ద పరీక్ష ఫలితం 2016లో వచ్చింది. మిషన్ ఇచ్చినవాళ్ళకు గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు, పగటి నిద్రమత్తు మాత్రం తగ్గింది. కానీ వాళ్ళు రాత్రికి సగటున పెట్టుకున్నది 3.3 గంటలే. రాత్రంతా పారాల్సిన మడికి మూడు గంటలు నీళ్ళు పెట్టి పంట రాలేదంటే ఏమనాలి? ఇది నా లెక్క, డాక్టర్లు అంత ఖాయంగా చెప్పరు. నాకు ఆ పగటి మత్తు చాలు నాయినా, నువ్వు సాగర్ రోడ్డు మీద టీవీఎస్ ఎక్సెల్ నడుపుతూ తూగుతున్నావని అన్న చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

దవడను ముందుకు జరిపే పళ్ళ క్లిప్పు ఒకటుంది. సింగపూర్‌లో రెంటినీ పోల్చి చూస్తే బీపీ విషయంలో మిషన్‌కు ఏమీ తీసిపోలేదు. కానీ అది పట్టుకోవడానికి పళ్ళు ఉండాలి, నువ్వు కింది దవడ పళ్ళు సగం పీకించుకున్నావు. అక్క చెప్పిన టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే సూది ఒళ్ళు బాగా ఉన్నవాళ్ళకు, దాంతో బరువుతో పాటు ఇలా ఊపిరి ఆగడమూ తగ్గుతుంది, అమెరికాలో 2024 డిసెంబర్‌లో దీనికి అనుమతి ఇచ్చారు. నీకు పనికొస్తుందో లేదో డాక్టర్ని అడగాల్సిందే. సాయంత్రం కల్లు మాత్రం ఎవర్నీ అడక్కుండానే ఆపొచ్చు, అది గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది.

అసలు సంగతి నీ మీసం అని నా అనుమానం. షాపువాడు అంటగట్టిన పెద్ద మాస్క్ మీసం మీద కూర్చోక గాలి బుస్సుమని కళ్ళలోకి కొడుతుంది, నాకూ మొదట్లో అంతే. ఇప్పుడు ముక్కు రంధ్రాలకు మాత్రమే ఆనేది వాడుతున్నా, పొద్దున ముక్కు మీద గీత కూడా పడదు. అన్నట్టు ఈ మిషన్ పుట్టింది ఈ ఊళ్ళోనే. 1980ల మొదట్లో కోలిన్ సల్లివాన్ అనే డాక్టర్ ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ మోటరును తిరగేసి గాలి ఊదించి మొదలుపెట్టాడు.

అలాంటి చిన్న మాస్క్ ఒకటి వచ్చే వారం మనవైపు వస్తున్న స్నేహితుడి చేతికిచ్చి పంపుతున్నా. నీ మీసం తీయమని ఎవరూ అనరులే. సజ్జ మీదిది దించి, గాలి పైపు కడిగి ఆరబెట్టమని అమ్మకు చెప్పు.

నీ చిన్నోడు